ఆఖరి నిమిషపు సాక్ష్యం

యంత్రం ఎందుకు ఆగిపోయిందో యంత్రమే చెప్పాలి. ఆ మాట రాసుకున్న కాగితం కూడా దానితోపాటే మాయమైతే చెప్పేదెవరు?

ఉక్కు కర్మాగారానికి రాత్రి అంటూ ఉండదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి రగిల్చిన తరువాత ఏళ్ళ తరబడి అది ఆరకుండా కాపాడుకోవలసిందే. అందువల్ల ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పట్టణంలో, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది మొదలు, ఊరి జీవితమంతా మూడు షిఫ్టుల చుట్టూ తిరుగుతూ వస్తున్నది. సోవియట్ రష్యా సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు చాలామంది ఉన్నారు. షిఫ్టు, డ్యూటీ, రిలీవర్ అన్నవి ఆ ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలిసిన మాటలు.

ఒక షిఫ్టువారు ఇంటికి పోతూ వచ్చేవారికి అప్పగించే వాటిలో ముఖ్యమైనది ఒక పుస్తకం. దానిని లాగ్‌బుక్ అంటారు. ఏ గంటకు ఏ వాల్వు మూశారు, ఏ పంపు చప్పుడు మారింది, ఏ గేజి ఎంత చూపింది, ఎవరికి ఫోను చేశారు అన్నవన్నీ అందులో వరుసగా రాసి కింద సంతకం చేస్తారు. మనిషి వెళ్ళిపోయినా మాట మిగలాలన్నదే ఆ పుస్తకం ఉద్దేశం.

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. పట్టా పక్కభాగాన్ని పరిశీలించి చూస్తే తయారుచేసిన కర్మాగారం గుర్తు, సంవత్సరం, దానితోపాటు హీట్ నంబరు అనే ఒక సంఖ్య కనిపిస్తాయి. ఆ పట్టాలోని ఉక్కు ఏ విడతలో కరిగిందో తెలిపే సంఖ్య అది. ఇరవై ఏళ్ళ తరువాత దేశంలో ఏ మూలనో ఒక పట్టా పగిలితే, ఆ సంఖ్యను పట్టుకొని ఇంజనీర్లు వెనుకకు నడిచి, ఆనాటి ఉక్కులో ఏయే పాళ్ళు ఎంతెంత ఉన్నాయో వెతకగలరు. ఆ కొలిమి ఏనాడో ఖాళీ అయివుంటుంది. ఆ ఉక్కు పోసినవారు పదవీ విరమణ చేసి ఉంటారు. సంఖ్య మాత్రం పట్టాను అంటిపెట్టుకొని ఉంటుంది.

నేడు ఉక్కు కర్మాగారాలలోనే కాక బ్యాంకులలో, ఆసుపత్రులలో, రైల్వే రిజర్వేషన్ కార్యాలయాలలో, విద్యుత్ కేంద్రాలలో లాగ్‌బుక్ రాసే పని చాలావరకు కంప్యూటర్ల చేతికి వెళ్ళింది. వందలాది చిన్న కంప్యూటర్లకు కావలసిన పనులు చేసిపెట్టే పెద్ద కంప్యూటరును సర్వర్ అంటారు. అది తాను చేసే ప్రతి పనినీ, తనకు ఎదురైన ప్రతి అవాంతరాన్నీ క్షణాలతో సహా రాసుకుంటూ పోతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. మనిషి రాసిన పుస్తకం మనిషి పడిపోయినా బల్ల మీదనే ఉంటుంది. సర్వర్ విషయంలో రాసేదీ, రాతను దాచేదీ, పడిపోయేదీ ఒకే యంత్రం. దానిని ఆపి మళ్ళీ నడిపించేసరికి, ఎందుకు ఆగవలసి వచ్చిందో చెప్పే వాక్యాలే తరచుగా కనిపించకుండా పోతాయి.

మొద్దు నుంచి మొదలైన మాట

ఇంగ్లీషులో లాగ్ అంటే కట్టెమొద్దు. పూర్వం ఓడ ఎంత వేగంతో పోతున్నదో తెలుసుకోవడానికి నావికులు ఒక చెక్కముక్కకు సమదూరాలలో ముడులు వేసిన తాడు కట్టి, ఓడ వెనుక నుంచి సముద్రంలోకి విసిరేవారు. ఇసుక గడియారంలో ఇసుక జారిపోయేలోగా ఎన్ని ముడులు చేతిలో నుంచి జారాయో లెక్కించేవారు. ఓడల వేగాన్ని ఇప్పటికీ ‘నాట్’ల లెక్కన, అనగా ముడుల లెక్కన, చెప్పడానికి కారణం ఇదే. ఆ లెక్కలు రాసిపెట్టిన పుస్తకం లాగ్‌బుక్ అయింది. తరువాత గాలి దిశ, తుపానులు, జబ్బుపడిన నావికుల వివరాలు కూడా అందులోకి చేరాయి.

ఆ మాట కర్మాగారాలకు, అక్కడి నుంచి కంప్యూటర్లకు వచ్చింది. 1980 దశకంలో ఎరిక్ ఆల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు, ఈమెయిలు చేరవేసే తన ప్రోగ్రాము కోసం సిస్‌లాగ్ అనే లేఖక పద్ధతిని రూపొందించాడు. ప్రతి ప్రోగ్రామూ తన చిట్టా తాను రాసుకొనే బదులు, తన మాటలను ఒకే గుమాస్తాకు చెబుతుంది. గుమాస్తా వాటిని ప్రాముఖ్యాన్ని బట్టి వేరుచేసి తగిన పుస్తకాలలో రాస్తాడు. ఈనాటి సర్వర్లలో అత్యధిక భాగం ఏదో ఒక రూపంలో ఈ ఏర్పాటునే అనుసరిస్తున్నవి.

చిట్టా, ఆవర్జా

రాత ఎందుకు మాయమవుతున్నదో గ్రహించాలంటే, అది మొదట ఎక్కడ పడుతున్నదో తెలుసుకోవాలి. మన పాత దుకాణాలలో రెండు పుస్తకాలు ఉండేవి. బేరం జరుగుతుండగా గబగబ రాసుకొనేది చిట్టా. సాయంత్రం తీరిక చేసుకొని, దాని నుంచి ఎవరి పద్దు వారి కింద ఎక్కించేది ఆవర్జా. చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కేలోగా దుకాణానికి నిప్పంటుకుంటే, ఆనాటి బేరాల లెక్క పోయినట్టే.

సర్వర్‌లోనూ ఇంతే. దాని జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, అత్యంత వేగవంతమైనది. కాని కరెంటు ఉన్నంతసేపే దానికి ప్రాణం. డిస్కు నెమ్మదైనది. కరెంటు పోయినా దాని మీది రాత చెరగదు. ప్రతి చిన్న వాక్యాన్నీ వెంటనే డిస్కు మీదికి పంపితే సర్వర్ అసలు పని కుంటుపడుతుంది గనుక, వాక్యాలను కొంతసేపు ర్యామ్‌లో పోగుచేసి, ఒక్కసారిగా డిస్కుకు ఎక్కిస్తారు. సర్వర్లలో విస్తృతంగా వాడే లైనక్స్ వ్యవస్థ, ఎవరూ మార్చకుండా వదిలేస్తే, డిస్కుకు ఎక్కవలసిన సమాచారాన్ని సుమారు 30 సెకన్ల వరకు ర్యామ్‌లో ఉంచుకోగలదు. దానిలోని జర్నల్ అనే లేఖకుడు అతి తీవ్రమైన హెచ్చరికలను మాత్రం తక్షణం డిస్కుకు పంపి, సాధారణ వాక్యాల విషయంలో అయిదు నిమిషాల వరకు ఆగుతాడు. డిస్కు లోపల కూడా ఒక చిన్న తాత్కాలిక జ్ఞాపకశక్తి ఉన్నది. “రాశాను” అని డిస్కు చెప్పిన తరువాత సైతం ఆ రాత కొన్ని క్షణాలు అందులోనే వేచి ఉండవచ్చు.

అయిదు నిమిషాలు మామూలు రోజున లెక్కలోకి రావు. ప్రమాదం జరిగిన రోజున మనకు కావలసినవి ఆ అయిదు నిమిషాలే.

దీనికంటె మౌలికమైన లోపం మరొకటి ఉన్నది. జర్నల్ రాతలను శాశ్వతంగా దాచడానికి డిస్కు మీద ఒక ప్రత్యేకమైన ఫోల్డర్ ఉండాలి. వ్యవస్థను స్థాపించినప్పుడు ఆ ఫోల్డర్‌ను ఏర్పాటు చేయకపోతే, జర్నల్ తన రాతలన్నిటినీ ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. పైకి అంతా సక్రమంగా కనిపిస్తుంది. ఇవాళ్టి రాతలు అడిగితే చూపిస్తుంది, నిన్నటివి అడిగినా చూపిస్తుంది. రీబూట్ చేసిన మరుక్షణం పుస్తకం మొదటి పేజీ నుంచి తెల్లగా ఉంటుంది. నెలల తరబడి సవ్యంగా నడిచిన సర్వర్ ఒకనాడు ఆగిపోయినప్పుడే ఈ సంగతి బయటపడటం పరిపాటి.

మూడు విధాల ఆగిపోవడం

సర్వర్ ఆగిపోవడంలో మూడు రకాలున్నాయి. ఒక్కొక్క దానిలో రాత ఒక్కొక్క విధంగా నష్టమవుతుంది.

మొదటిది, మనమే పద్ధతి ప్రకారం ఆపడం. ఇది అన్నిటికంటె సురక్షితమని అనుకుంటాము. కాని ఇందులోనూ ఒక సూక్ష్మమైన లొసుగు ఉన్నది. ఆపేటప్పుడు ప్రోగ్రాములు ఒకదాని తరువాత ఒకటి సెలవు తీసుకుంటాయి. చివరకు డిస్కును కూడా వ్యవస్థ నుంచి విడదీయాలి. డిస్కును విడదీయాలంటే దాని మీద రాస్తున్న గుమాస్తా ముందుగా కలం కింద పెట్టాలి. పెళ్ళి ముగిసిన తరువాత పందిరి విప్పేవారు, పాత్రలు లెక్కపెట్టేవారు ఇంకా పనిలో ఉండగానే లెక్కలు రాసే మనిషి పుస్తకం మూసి వెళ్ళిపోవడం వంటిది ఇది. ఆ తరువాత ఏ పాత్ర తగ్గినా రాసేవారుండరు. కొన్ని సర్వర్లు ఆగమన్నప్పుడు ఆగకుండా చివరి మెట్టు మీద పది నిమిషాలు మొరాయిస్తాయి. ఏ ప్రోగ్రాము అడ్డుపడిందో తెలిపే వాక్యం అప్పటికే లేఖకుడు లేని సమయంలో పుట్టి నశిస్తుంది.

రెండవది, ఉన్నట్టుండి కరెంటు పోవడం. అప్పుడు చిట్టాలో ఉన్నదంతా పోతుంది. సగం రాసిన వాక్యం డిస్కు మీద ఉంటే అది మిగిలిన పేజీని కూడా చెడగొట్టవచ్చు.

మూడవది, వ్యవస్థకు మూలమైన కెర్నెల్ తానే కుప్పకూలడం. ఇందులో విషాదమేమంటే, తాను ఎందుకు కూలుతున్నదో ఆ క్షణాన కెర్నెల్‌కు తెలుసు. ఆ సంగతి ఒకటి రెండు పేజీలలో చెప్పగలదు కూడా. కాని దెబ్బతిన్న కెర్నెల్ డిస్కు మీద రాయబూనితే మిగిలిన సమాచారాన్ని పాడుచేసే అపాయం ఉన్నది గనుక దానికి ఆ సాహసం చేయనివ్వరు. అందువల్ల దాని మరణ వాఙ్మూలం మానిటరు తెర మీద కాసేపు కనిపించి, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది.

“ఒకసారి ఆపి వేయండి”

కంప్యూటరు మొరాయిస్తే మనమందరం మొదట చేసే పని దానిని ఆపి మళ్ళీ వేయడం. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. జ్వరానికి మాత్ర వేసుకున్నట్టు, ఉపశమనం వెంటనే కలుగుతుంది. జబ్బు ఏదో తెలుసుకొనే అవకాశం మాత్రం అంతరిస్తుంది.

2003 ఆగస్టు 14న అమెరికాలో జరిగిన ఘటన దీనికి ఉదాహరణ. ఒహాయో రాష్ట్రంలో ఫస్ట్‌ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు హెచ్చరికలను చూపించి నమోదుచేసే ప్రోగ్రాము నిశ్శబ్దంగా స్తంభించిపోయింది. అలారం మోగకపోతే అంతా సవ్యంగా ఉన్నదని ఆపరేటర్లు అనుకున్నారు. 2 గంటల 41 నిమిషాలకు ఆ ప్రోగ్రామును నడుపుతున్న సర్వర్ విఫలమైంది. దాని స్థానంలోకి వచ్చిన రెండవ సర్వర్ 13 నిమిషాలలో అదే దారి పట్టింది. కంప్యూటర్ విభాగం వారు సర్వర్‌ను రీబూట్ చేసి, 3 గంటల 8 నిమిషాలకు అది మళ్ళీ నడుస్తున్నదని తృప్తిపడ్డారు. అలారం ప్రోగ్రాము మాత్రం బాగుపడలేదు. అది పనిచేస్తున్నదా అని కంట్రోల్ రూములోని ఆపరేటర్లను అడిగినవారు లేరు. అటు విద్యుత్ లైన్లు ఒకటొకటిగా తెగిపోతూ, 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకే అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో, కెనడాలోని ఒంటారియోలో సుమారు 5 కోట్ల మంది కరెంటు లేకుండా మిగిలారు.

ఆ ప్రోగ్రాములోని దోషాన్ని కనిపెట్టడానికి ఇంజనీర్లు వారాల తరబడి దానిలోని లక్షలాది పంక్తులను, దొరికిన రికార్డులను జల్లెడ పట్టవలసి వచ్చింది. రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకే క్షణంలో మార్చబోవడం వల్ల ఏర్పడిన ముడి అది. విచారణ సంఘానికి మరొక ఇబ్బంది కూడా ఎదురైంది. వేరు వేరు సంస్థల రికార్డులలోని గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఏది ముందు జరిగింది, ఏది వెనుక జరిగింది అని తేల్చడానికే ఎంతో శ్రమ పట్టింది.

దీనికి భిన్నమైన కథ అంగారక గ్రహం మీద జరిగింది. 1997 జులై 4న అక్కడ దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు కొద్ది రోజులలోనే తనంత తాను రీబూట్ కాసాగింది. కోట్ల కిలోమీటర్ల దూరంలోని యంత్రం వద్దకు మెకానిక్ వెళ్ళలేడు. అయితే ఆ ప్రోగ్రాము రాసినవారు అడుగడుగునా ఏమి జరిగిందో నమోదుచేసే సాధనాన్ని అందులోనే ఉంచారు. భూమి మీద ఉన్న నమూనా యంత్రంపై ఆ సాధనాన్ని తెరిచిపెట్టి, అదే రీబూట్ మళ్ళీ సంభవించే దాకా నడిపించారు. ఆఖరి క్షణాల రాత చేతికి చిక్కింది. వాతావరణ వివరాలు సేకరించే ఒక అల్పమైన పని, మరింత ముఖ్యమైన పనిని దారిలో నిలిపివేస్తున్నదని తేలింది. చిన్న సవరణను రేడియో ద్వారా పంపడంతో నౌక కుదుటపడింది.

రాతను కాపాడే ఉపాయాలు

ఆఖరి నిమిషాన్ని భద్రపరచడానికి నేడు తగినన్ని మార్గాలున్నాయి. అవి ఖరీదైనవేమీ కావు. వాటిని వరుసగా చూద్దాం.

మొదటిది, జర్నల్‌ను శాశ్వతంగా డిస్కు మీద దాచమని ఆదేశించడం. ఒక ఫోల్డర్‌ను సృష్టించడం, సెట్టింగులలో ఒక పంక్తిని మార్చడం మాత్రమే ఇందుకు కావలసిన పని. అప్పుడు ప్రతి రీబూట్‌కూ ఒక ప్రత్యేకమైన గుర్తు ఏర్పడుతుంది. “ఇంతకు ముందు విడత చివర ఏమి జరిగింది?” అని అడిగితే ఆ విడత రాతలు విడిగా తెర మీదికి వస్తాయి. పట్టా మీది హీట్ నంబరు చేసే పనిని ఈ గుర్తు సర్వర్‌కు చేసిపెడుతుంది.

రెండవది, రాతను మరొక యంత్రానికి పంపడం. సర్వర్ తన ప్రతి వాక్యాన్నీ పుట్టిన వెంటనే నెట్‌వర్క్ ద్వారా వేరే గదిలో, వీలైతే వేరే ఊరిలో ఉన్న లాగ్ సర్వర్‌కు కూడా వినిపిస్తుంది. తాను కూలిపోయినా చివరగా పంపిన వాక్యం అవతల మిగిలి ఉంటుంది. దొంగతనంగా సర్వర్‌లోకి చొరబడినవాడు మొదట చేసే పని తన అడుగుజాడలు చెరిపివేయడం. అడుగుజాడలు అప్పటికే పొరుగింటికి చేరివుంటే వాడి ప్రయత్నం వృథా అవుతుంది.

మూడవది, కెర్నెల్ చెప్పే ఆఖరి మాట కోసం ప్రత్యేకమైన చోటు కేటాయించడం. మదర్‌బోర్డు మీద కరెంటు పోయినా చెరగని చిన్న భండారం ఒకటి ఉంటుంది. కూలిపోతున్న కెర్నెల్ కొన్ని పంక్తులను అందులో దాచగలదు. ర్యామ్‌లోనే ఒక చిన్న భాగాన్ని ఇందుకు కేటాయించే పద్ధతి కూడా ఉన్నది. కరెంటు తీయకుండా రీబూట్ చేస్తే సాధారణంగా ఆ భాగంలోని రాత చెరిగిపోదు. మళ్ళీ లేచిన వ్యవస్థ మొదటి పనిగా దానిని తీసి డిస్కులో భద్రపరుస్తుంది. పూర్తి వివరాలు కావాలనుకొనేవారు ర్యామ్‌లో ఒక మూల రెండవ కెర్నెల్‌ను సిద్ధంగా నిలిపి ఉంచుతారు. మొదటిది కూలగానే రెండవది లేచి, మొదటి దాని జ్ఞాపకశక్తి మొత్తాన్ని డిస్కు మీదికి ఎక్కిస్తుంది.

నాలుగవది, సర్వర్‌తో సంబంధం లేని కావలివాడిని ఉపయోగించుకోవడం. మంచి సర్వర్లలో ప్రధాన యంత్రం ఆగినా మేలుకొని ఉండే ఒక చిన్న కంప్యూటరు విడిగా ఉంటుంది. ఫ్యాను ఆగింది, వేడి పెరిగింది, కరెంటు సరఫరా తప్పింది వంటి సంగతులను అది తన సొంత పుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకం చాలా కార్యాలయాలలో ఉండనే ఉన్నది. తెరిచి చూసేవారే కరవు.

అయిదవది, కరెంటు పోయినా కొద్ది నిమిషాల ఊపిరి మిగిలేలా చూడటం. యూపీఎస్ అనే బ్యాటరీ పెట్టె చాలాచోట్ల ఉంటుంది. కాని అది బ్యాటరీ అయిపోవస్తున్నదని సర్వర్‌కు కబురు పెట్టే తీగను కలపకపోతే, సర్వర్ ఏమీ తెలియకుండానే పదిహేను నిమిషాలు ఆలస్యంగా చనిపోతుంది. ఆ కబురు అందితే చిట్టాలోని వాక్యాలన్నీ ఆవర్జాకు ఎక్కించుకొని క్రమంగా ఆగుతుంది.

వీటన్నిటికీ తోడు సరైన గడియారం కావాలి. పది యంత్రాలు పది రకాల సమయం చూపితే పది పుస్తకాలున్నా ఒక్క సంఘటనను వరుసలో పెట్టలేము. మన దేశంలో సైబర్ భద్రతను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలలో ఈ రెండు అంశాలూ ఉన్నాయి. సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను గడచిన 180 రోజులకు సంబంధించినంత వరకు ఎల్లప్పుడూ భద్రంగా, దేశంలోనే ఉంచాలి. తమ గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సమయంతో, లేక వాటితో సరిపోలే సమయంతో కలిపి నడపాలి.

దాచడానికీ ఒక హద్దు ఉండాలని చెప్పక తప్పదు. అంతులేకుండా రాస్తూ పోతే డిస్కు నిండిపోయి, ఆ కారణంగానే సర్వర్ ఆగిపోవచ్చు. అందుకే పాత రాతలను కుదించి, గడువు తీరినవాటిని తొలగించే ఏర్పాటు ఉండాలి. అలాగే పాస్‌వర్డులు, రోగుల వివరాలు, ఖాతాదారుల సొంత విషయాలు లాగ్‌లోకి రాకుండా జాగ్రత్తపడాలి. షిఫ్ట్ లాగ్‌బుక్‌లో పంపు సంగతి రాస్తారు గాని తోటి కార్మికుడి ఇంటి సంగతులు రాయరు కదా!

సాక్ష్యం ఎవరి కోసం?

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. కాని రాత పోయినప్పుడు నింద ఎవరి మీద పడుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. సర్వర్ ఆగిపోయింది. కారణం తెలియదు. ఆ సమయంలో డ్యూటీలో ఉన్న మనిషి పేరు మాత్రం రిజిస్టరులో ఉన్నది. “నేను ఏమీ ముట్టుకోలేదు, తెర దానంతట అదే ఆగిపోయింది” అని అతడు చెబుతాడు. ఆ మాటను బలపరిచే వాక్యం రీబూట్‌లో కొట్టుకుపోయి ఉంటే నమ్మేదెవరు?

కంప్యూటరు మాటనే వేదవాక్యంగా తీసుకుంటే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడి పోస్టాఫీసులలో 1999 నుంచి ప్రవేశపెట్టిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ, చిన్న చిన్న తపాలా కార్యాలయాలు నడుపుకొనేవారి ఖాతాలలో లేని లోటును చూపించింది. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు మొదలైన నేరాల కింద దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్ళారు. కొందరు దివాలా తీశారు. వ్యవస్థలో దోషాలున్నాయనీ, వాటి వల్ల లెక్కలు తారుమారయ్యే అవకాశం ఉన్నదనీ 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చిచెప్పడానికి, నిర్వహణ సంస్థ తన వద్ద ఉంచుకొన్న దోషాల చిట్టా ముఖ్యమైన ఆధారాలలో ఒకటయింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దుచేసింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా వందలాది మందిని ఒక్కసారిగా నిర్దోషులను చేసింది. యంత్రం తప్పులను రాసిపెట్టిన కాగితాలు ఎక్కడో మిగిలి ఉండటం వల్ల, అవి చాలా ఆలస్యంగానైనా న్యాయస్థానం ముందుకు రావడం వల్ల, ఆ మనుషుల గౌరవం తిరిగి వచ్చింది.

భిలాయి వంటి ఊరిలో ఈ మాటకు మరింత బరువున్నది. 2014 జూన్ 12న అక్కడి కర్మాగారంలో పంపుహౌసు వద్ద నీటి పీడనం పడిపోయి, బ్లాస్ట్ ఫర్నేస్ వాయువును శుభ్రపరిచే విభాగం నుంచి విషవాయువు వెనుకకు తన్నింది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అది. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ప్రమాదం ఏ కర్మాగారంలో జరిగినా విచారణకు కూర్చున్నవారి ముందు నిలిచే మొదటి ప్రశ్న వరుసకు సంబంధించినదే. మొదట నీరు తగ్గిందా, వాయువు పెరిగిందా? హెచ్చరిక ఏ నిమిషాన వచ్చింది? అది ఎవరి తెర మీద కనిపించింది? ఈ జవాబులు మరణించినవారి కుటుంబాలకు కావాలి. రేపు అదే చోట షిఫ్టు చేయబోయేవారికి ఇంకా ఎక్కువగా కావాలి.

అందువల్ల సర్వర్లున్న ప్రతి కార్యాలయంలోనూ ఒక చిన్న పరీక్ష జరగడం అవసరం. పని ఒత్తిడి లేని రోజు చూసి, ముందుగా అందరికీ తెలియజేసి, ప్రాణాలతోనూ ఉత్పత్తితోనూ సంబంధం లేని ఒక పరీక్షా సర్వర్‌ను కావాలని ఆపాలి. ఒకసారి పద్ధతి ప్రకారం, మరొకసారి హఠాత్తుగా కరెంటు తీసి, ఇంకొకసారి కెర్నెల్‌ను కూల్చి చూడాలి. మళ్ళీ లేచిన తరువాత, ఆగడానికి ముందు చివరగా రాసిన వాక్యం ఏ గంటది, ఏ నిమిషానిది అని వెతకాలి. ఆ వాక్యానికీ ఆగిన క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉన్నదో కాగితం మీద రాసిపెట్టాలి. ప్రమాదం వచ్చిన రోజున మనకు తెలియకుండా పోయే కాలం అంతేనని దాని అర్థం. ఆ ఖాళీని తగ్గించే ఉపాయాలన్నీ పైన చెప్పుకొన్నవే.

షిఫ్టు దిగిపోయే మనిషి లాగ్‌బుక్‌లో సంతకం చేయకుండా గేటు దాటడు. సర్వర్ కూడా తన చివరి మాట ఎక్కడో ఒకచోట భద్రంగా అప్పగించి గాని ఆగకూడదు. అది అట్లా అప్పగిస్తున్నదో లేదో, అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజుననే చూసుకోవాలి.